సన్నికల్లు వచ్చిన ఎపిసోడ్

ఈ మధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. రాంచీలో ఏదో ఛానల్‌లో రాత్రి టాక్ షోకి యాంకర్‌గా తీసుకున్నారట. ఎవరో నా నంబరిచ్చారట. "సర్, ముందుగా ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది.

"ఒక్కదానివే కూర్చుని అన్నం తినడం" అన్నాను.

"భలే జోక్ చేస్తారు సర్" అని నవ్వింది. నేను నవ్వలేదు. పాపం, ఇంకేదైనా చెబుతానేమోనని కాసేపు ఎదురుచూసి ఫోన్ పెట్టేసింది. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. ఆమె చదివితే సంతోషం, చదవకపోయినా నా గుండెల్లో బరువు కొంత తగ్గుతుంది.

ఉద్యోగం అంటే ఇదీ

జంషెడ్‌పూర్‌లో ఒక లోకల్ కేబుల్ ఛానల్ ఉండేది. సాక్చీ బజారులో బట్టల గోడౌను పైన రెండు గదులు. ఒకటి స్టూడియో, రెండోది మిగతావన్నీ. అక్కడ రాత్రి టాక్ షో నడిపిన మనిషిని నేను. ఫ్యాక్టరీలో రాత్రి దాకా సాగే బి షిఫ్ట్ వదిలి ఇంటికొచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చున్న వాళ్ళ కోసం పెట్టిన కార్యక్రమం అది. వారమంతా హిందీ, శనివారం మాత్రం తెలుగు. ఈ ఊళ్ళో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన వాళ్ళు వీధికి నలుగురున్నారు మరి.

సినిమా తారలెవరూ మా స్టూడియో మెట్లెక్కలేదు. మా అతిథులు క్రేన్ ఆపరేటర్లు, నర్సులు, టాటానగర్ స్టేషన్‌లో బోగీల కింద దూరే మెకానిక్కులు, పెళ్ళిళ్ళకి వంట చేసేవాళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించడమే నా పని. చూసేవాళ్ళు అది తేలికనుకుంటారు. మైకు చూడగానే మాట పడిపోయిన వస్తాదుల్ని నేనెరుగుదును.

మొదట్లో నేనే ఎక్కువ వాగేవాణ్ణి. ఒక క్రేన్ ఆపరేటర్ వస్తే, అంత ఎత్తున ఒక్కడూ కూర్చుని రోజంతా ఏం ఆలోచిస్తాడో అడగడానికి పిలిచి, ఆ జవాబు కూడా నేనే చెప్పేశాను. ఆయన "అవునండీ, అవునండీ" అంటూ కూర్చున్నాడు. ప్రోగ్రాం అయ్యాక మా ప్రొడ్యూసర్ ఘోష్‌దా నన్ను పక్కకి లాగాడు. "నువ్వు ఆయన్ని పిలిచావా, నిన్ను నువ్వే పిలుచుకున్నావా?" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మందు కూడా ఆయనే చెప్పాడు. ప్రశ్న అడగ్గానే గ్లాసెత్తి నోటినిండా నీళ్ళు పట్టు. మింగకు. అతిథి జవాబు పూర్తయ్యే దాకా అలాగే ఉంచుకో. నోట్లో నీళ్ళుంటే మధ్యలో దూరలేవు కదా! మొదటి వారం పొలమారి చొక్కా అంతా తడుపుకున్నాను. తర్వాత అలవాటైంది. నా బుగ్గలు ఉబ్బి కనిపించేవని బజార్లో ఏడిపించేవారు. ఏడిపించనీ, నా ఉద్యోగానికి పనికొచ్చిన చదువు అదొక్కటే.

ఆగిన గడియారం

ఇక మా వ్యాపార రహస్యం. మా రాత్రి షో రాత్రి జరిగేది కాదు.

సాయంత్రం వెలుగుండగానే రికార్డు చేసేసేవాళ్ళం. చీకటి పడితే గోడౌను యజమాని కింద గేటుకు తాళం వేయిస్తాడు. కెమెరా వాళ్ళకి ఆటోలు దొరకవు. అతిథికి మర్నాడు తెల్లారగట్ల ఎ షిఫ్టో, పొద్దున్నే మరో పనో ఉంటుంది. అందుకని కిటికీలకి నల్ల గుడ్డ కట్టి, వెనకాల దీపాలు వెలుగుతున్న ఊరి బొమ్మ పరదా దించి, గోడ గడియారంలో బ్యాటరీ తీసేసి ముళ్ళు రాత్రి పదకొండు మీద పెట్టేవాళ్ళం. బయట పిల్లలు క్రికెట్ ఆడుతుండగా నేను లోపల "శుభరాత్రి, హాయిగా నిద్రపోండి" అని చేతులు జోడించేవాణ్ణి. ఊరంతా అది అప్పటికప్పుడు జరుగుతోందనే అనుకునేది. మేము 'లైవ్' అని రాయలేదు. కాదనీ చెప్పలేదు. ఇందులో మోసం లేదని ఘోష్‌దా వాదించేవాడు. ఉందని నాకిప్పటికీ అనిపిస్తుంది. అయినా జీతం తీసుకున్నాను.

రికార్డింగు అయ్యాక సీతారాండేరాలో నా గదికి వెళ్ళి వంట చేసుకునేవాణ్ణి. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది, తర్వాత ఆ మాట రావడం మానేసింది. అమ్మ ఉన్నన్నాళ్ళు ఇద్దరం తినేవాళ్ళం. ఆమె పోయాక కంచం పట్టుకుని టీవీ పెట్టేవాణ్ణి. అందులో నేనే వచ్చేవాణ్ణి. నీట్‌గా దువ్వుకుని, నవ్వుతూ, "ఏమండీ, భోజనాలయ్యాయా?" అని అడిగేవాణ్ణి. ఇంకా కాలేదురా నాయనా అని నాకు నేనే జవాబు చెప్పుకునేవాణ్ణి. ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ ఉన్నానని గర్వపడాలో, నా ఇంట్లో నేను తప్ప మరో మనిషి లేడని ఏడవాలో తెలిసేది కాదు. ఆ గంట అంటే నాకు భయం పట్టుకుంది. ఆ భయం కూడా ఈ ఉద్యోగంలో భాగమే, ఎవరూ ముందుగా చెప్పరు.

బస్తాలో వచ్చింది

ఒక శనివారం అతిథిగా సింహాచలం గారిని పిలిచాం. ట్రక్కుల ఫ్యాక్టరీలో టెస్ట్ డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బాడీ కట్టని ఉత్త చాసిస్ మీద, ఎండకీ వానకీ కళ్ళజోడు పెట్టుకుని బండి తోలిన కథలు చెబుతాడని ఎవరో చెప్పారు. టెల్కో కాలనీలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేస్తున్నాడు. సామానుతో భార్యని ముందుగా సొంతూరు టెక్కలి పంపేశాడు. తనకి మర్నాడు సాయంత్రం బండి.

ఆటోలోంచి బస్తా దించుకుని, భుజాన వేసుకుని, రొప్పుతూ మెట్లెక్కాడు. వస్తూనే బస్తా మా గాజుబల్ల మీద పెట్టబోయాడు. ఘోష్‌దా కెవ్వుమన్నాడు. బస్తా నేల మీదికి మారింది.

"ఏముందండీ ఇందులో?" అన్నాను.

"సన్నికల్లు బాబూ. మా యమ్మది. మాయమ్మ మా ఊరి కాణ్ణుంచి రైల్లో ఒళ్ళో ఎట్టుకు తెచ్చింది. రాయికి కూడా టికట్టు కొన్నావేటని టీటీ గొడవాడినాడట!"

మసాలాలు నూరుకునే పలకరాయి, పైన పొత్రం. నూరి నూరి నడుమ గుంట పడింది. షోకి దీన్నెందుకు తెచ్చాడో నాకర్థం కాలేదు. ఏదో సరదా అనుకున్నాను.

రికార్డింగు మొదలైంది. నేను "ఇంత రాత్రివేళ మా కోసం వచ్చినందుకు..." అన్నానో లేదో, ఆయన గోడకేసి చూసి, "బాబూ, మీ గడియారం ఆగిపోనాది" అన్నాడు.

"కట్!" అని ఘోష్‌దా.

చెప్పక తప్పింది కాదు. విని నోరు తెరిచాడు. "ఓలమ్మో! మరిన్నాళ్ళూ మాం కంచాల ముందు కూకుని మీతోటి మాటాడతన్నాం గదా, అప్పుడు మీరెక్కడుండీవోరు?"

"ఇంట్లో అన్నం తింటూ ఉండేవాణ్ణి."

"ఎవుల్తోటి?"

అతిథి నన్ను ప్రశ్న అడగడం, నేను తెల్లముఖం వేయడం అదే మొదటిసారి. ఘోష్‌దా మళ్ళీ కెమెరా ఆన్ చేయమన్నాడు కనుక బతికిపోయాను.

చాసిస్ కబుర్లు బ్రహ్మాండంగా చెప్పాడు. ఘాట్ రోడ్డు మీద బ్రేకు పరీక్షలు, ముందు చక్రం కిందికి పాము రావడం, చలికాలంలో ఛాతీకి కాగితాలు కట్టుకోవడం. మా కెమెరామన్ నవ్వు ఆపుకోలేక వణికిపోయాడు. చివరికి నేను అందర్నీ అడిగే ప్రశ్నే అడిగాను. "ఈ ఊరు వదిలి వెళ్తున్నారు. ఇక్కడేమైనా ఉండిపోయిందా?" అడిగి, అలవాటుగా నోటినిండా నీళ్ళు పట్టాను.

ఆయన వంగి బస్తా మూతి విప్పాడు.

"ఇదుండిపోనాది బాబూ. ఇది నాది కాదు, మా గౌరిది. మా సెల్లి. సచ్చిపోయినప్పుడు మాయమ్మ సెప్పింది, ఈ రాయి గౌరి పెళ్ళికీ, ఆ తరవాత దాని ఇంటికీ అని."

మా వైపు పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు సన్నికల్లు మీద కాలు పెడితే కాలి వేళ్ళకి మట్టెలు తొడుగుతారు. అది తెలియని తెలుగువాళ్ళుండరు కనుక ఆయన వివరించలేదు.

"అది ఒరియా కుర్రోణ్ణి సేసుకుంటానంది. నాను ఒప్పుకోనేదు. తండ్రి లేని ఆడగుంట, నానే పెంచినాను, నన్నడక్కుండా ఏటి అని నాకు పొగరు. పెళ్ళికి ముందు రోజు మా గుమ్మం కాడి కొచ్చింది. 'అన్నా, నువ్వు రాకపోతే పోనీ, అమ్మ రాయి ఇయ్యి' అంది. రాయి కూడా ఇవ్వనని తలుపేసేసినాను. ఇటక మీద కాలెట్టి మట్టెలేయించుకుందట బాబూ. ఎవులో సెప్పినారు. మాయమ్మ కూతురు ఇటక మీద కాలెట్టింది!"

నా నోట్లో నీళ్ళు అలాగే ఉన్నాయి. లేకపోతే "అయ్యో, ఊరుకోండి" అనేసి ఆయన నోరు మూయించేవాణ్ణే.

"ఈ ఊల్లోనే, కాసిడీలో ఉంటాది. శానా తూర్లు ఎల్లినాను. ఆ సందు మొగ దాకా ఎల్లి తిరిగొచ్చీసినాను. తలుపేసినోణ్ణి, ఏ ముకం ఎట్టుకుని తలుపు కొట్టమంతారు? శనారం తెలుగు పోగ్రాం సూత్తాదని ఇన్నాను. గౌరీ, ఇంటన్నావా? ఈ పోగ్రాం వత్తన్నంతసేపూ కింద గేటు కాడ కూకుంటాను. రాయి తెచ్చినాను. వత్తే తీసుకెల్లు. నన్ను తిట్టాలంటే తిట్టు. రాకపోతే నీ తప్పేటి నేదు. రేపు నా బండి."

నేను నీళ్ళు మింగి శుభరాత్రి చెప్పాను. ఆ మాట సగమే వచ్చింది.

కోయాలా, ఉంచాలా

ఆయన్ని బయట కూర్చోబెట్టి ఘోష్‌దా తలుపు వేశాడు. "ఆ చివరి ముక్క కోసేస్తున్నా" అన్నాడు.

"ఎందుకు? ఇన్నేళ్ళలో ఇంత మంచి మాట మన దగ్గర ఎవరు మాట్లాడారు?"

"పాగల్ హై క్యా? ఆవిడ పరిగెత్తుకుంటూ వస్తుంది. గేటుకి తాళం. పైన చీకటి. మన బండారం బయటపడుతుంది."

"తెరిపిద్దాం."

"రాదనుకో. అప్పుడు? ఊరంతా చూస్తుండగా అన్న పిలిచాడు, చెల్లెలు రాలేదు. ఆ మనిషి రైలెక్కి పోతాడు, ఆవిడ ఇక్కడే బతకాలి. ఇరుగుపొరుగు ఊరుకుంటారా? మనం టీవీ వాళ్ళం, కన్నీళ్ళు కనబడగానే లొట్టలేస్తాం. తర్వాత బతికేది వాళ్ళు."

ఘోష్‌దా మీద నాకు చాలా కోపాలున్నాయి కానీ ఆ మాటకి జవాబు దొరకలేదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళ కోసం చెబుతున్నాను. ఏడుస్తున్న మనిషి ముందు కెమెరా ఆన్‌లో ఉంటే మనకి లోపల్లోపల సంతోషం కలుగుతుంది. లేదని బుకాయించేవాళ్ళని నమ్మకండి. ఆ సంతోషాన్ని అనుమానించమని నాకు నేర్పింది ఆయనే.

బయటికెళ్ళి సింహాచలం గార్నే అడిగాను. "మీ చెల్లెలు రాకపోతే నలుగురూ ఆమెని ఆడిపోసుకుంటారేమో. ఆలోచించుకున్నారా?"

"అందుకే గదా బాబూ, రాకపోతే దాని తప్పు నేదని ముందే అనీసినాను? తప్పు నాదని ఊరందరికీ తెలాల. అది ఎవులికీ సెప్పుకోనేదు ఇన్నాళ్ళూ. నాను సెప్పాల."

లోపలికెళ్ళి ఆ మాట చెబితే ఘోష్‌దా తల గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడు. "సరే, ఉంచుతా. అతను ఒక్కడూ అక్కడ కూర్చోకూడదు. నువ్వుండు. పైన లైట్లు వేసి ఉంచు" అన్నాడు. ఆఖరికి అక్కడా అబద్ధమే!

గేటు దగ్గర

గోడౌను వాచ్‌మన్ పేరు సోరెన్. ఘాట్‌శిలా దగ్గర పల్లె అతనిది. గేటు పక్కన రేకుల గదిలో బుల్లి టీవీ ఉండేది. గేటు తెరిచి, మూడు కుర్చీలు వేశాడు. సింహాచలం గారు కుర్చీ వద్దని బస్తా పక్కనే గట్టు మీద కూర్చున్నాడు.

మా ప్రోగ్రాం మొదలైంది. నాకైతే ఎంతో విచిత్రంగా ఉంది. నన్ను నేను మరొకరి పక్కన కూర్చుని చూడటం అమ్మ పోయాక అదే మొదటిసారి. టీవీలో నేను బుగ్గలు ఉబ్బించుకుని కూర్చుంటే సోరెన్ పగలబడి నవ్వాడు. సింహాచలం గారు మాత్రం తెర చూడటం లేదు. రోడ్డుకేసి చూస్తున్నాడు. ఆడమనిషి ఎవరు కనిపించినా లేచి నిలబడి, దాటిపోగానే కూర్చుంటున్నాడు.

బి షిఫ్ట్ వదిలిన సైకిళ్ళు పోయాయి. చెల్లెలి మాట ఎత్తిన చోటు టీవీలో వచ్చేసరికి సింహాచలం గారు తల వంచుకున్నాడు. ఇటుక మాట దగ్గర చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత నా సగం శుభరాత్రి కూడా అయిపోయింది. ఎవరూ రాలేదు. సోరెన్ టీవీ కట్టేశాడు.

"ఇక ఎల్దాం బాబూ. అది రాదు. నాను దాని గుమ్మం కాడ ఎట్టీసి ఎల్లిపోతాను" అన్నాడు. బస్తా ఎత్తబోయాడు.

అప్పుడే స్కూటీ ఒకటి వచ్చి ఆగింది. ఇరవై దాటని అమ్మాయి. జడ సగం ఊడిపోయింది, ఒక కాలికి ఒక చెప్పు, రెండో కాలికి ఇంకో చెప్పు. మా ముగ్గుర్నీ మార్చి మార్చి చూసి, ఆయన దగ్గర ఆగింది.

"ఆప్ సింహాచలం మామా హై?"

ఆయన తలూపాడు.

"మై రింకీ. గౌరీ కీ బేటీ." తల్లి ఆసుపత్రిలో ఆయా అట, ఈ వారం నైట్ డ్యూటీ అట, టీవీ చూడలేదట. తనే చూసిందట. అంతా హిందీలోనే గబగబా చెప్పేసింది. ఆయన తెలుగులో "నీకు తెలుగొచ్చేటమ్మా?" అంటే, "సమఝ్ లేతీ హూఁ మామా, బోల్ నహీ పాతీ" అంది. అర్థమవుతుందట, మాట్లాడటం రాదట. మేనకోడలు ఒకతి ఉందని ఆయనకి తెలుసు. ముఖం చూడటం అదే మొదలు. దీపం వెలుతురు పడేలా ఆ పిల్ల గడ్డం పట్టుకుని తిప్పి చూశాడు.

రింకీ తల్లికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. "మమ్మీ, మామా ఆయే హై. వో పత్థర్ భీ లాయే హై." మామ వచ్చాడని, ఆ రాయి కూడా తెచ్చాడని చెప్పింది.

అవతల చప్పుడు లేదు. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. బకెట్టు కింద పెట్టిన శబ్దం. ఫోన్ కట్టయిందేమోనని రింకీ తెర చూసుకుంది. సింహాచలం గారు ఫోన్ దగ్గరికి వంగాడు. నా నోట్లో నీళ్ళు లేకపోయినా నేనూ నోరు మెదపలేదు.

"మీ మామ అన్నం తిన్నాడేటి?" అంది గౌరి.

ఆయన గట్టు మీద కూర్చుని రాయి బస్తాని దగ్గరికి లాక్కున్నాడు.

"ఒలే రింకీ, ఇంటన్నావా? తిన్నాడా నేదా అడుగు."

"మామా, ఖానా ఖాయా?" అడ్డంగా తలూపాడు. "నహీ ఖాయా మమ్మీ."

"ఇంటికి తోలుకెల్లు. వంకాయ కూరుంది, ఏడి సేసి ఎట్టు. నాను పొద్దున్నే వత్తాను. అందాకా ఎల్లిపోనీకు. తిట్టాల్సినవి శానా ఉన్నాయి. ఆ రాయి జాగర్తలే, కాలి మీదేసుకోగల్రు!"

ఫోన్ పెట్టేసింది. ఆయన ఏడుస్తూనే నవ్వాడు. "అది మారనేదు బాబూ, రవ్వంత మారనేదు" అని నాకూ సోరెన్‌కీ ఎన్నిసార్లు చెప్పాడో! ముగ్గురం కలిసి బస్తాని స్కూటీలో కాళ్ళు పెట్టుకునే చోట పెట్టాం. టైరు అణిగింది. రింకీ కాళ్ళు రెండు వైపులా చాపి బండి తోలింది, వెనక ఆయన. మలుపు తిరిగే దాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక సోరెన్ గేటు మూశాడు. నేను పైకెళ్ళి లైట్లు ఆర్పాను. సంతోషంగా ఉంది, చెప్పలేనంత సంతోషంగా ఉంది. అయినా ఇంటికి నడుస్తుంటే దుఃఖం ముంచుకొచ్చింది. "అన్నం తిన్నాడేటి" అని అడిగే మనిషి కోసం ఆయన రాయి మోసుకుని వచ్చాడు. నేనెక్కడికి ఏం మోసుకెళ్ళాలి? గదికి వచ్చి పొయ్యి వెలిగించబుద్ధి కాక మంచినీళ్ళు తాగి పడుకున్నాను.

తర్వాతి శనివారాలు

మరుసటి శనివారం ప్రోగ్రాం వేళకి కాళ్ళు వాటంతటవే గేటు వైపు నడిచాయి. ఎవరైనా వస్తారేమో అని సోరెన్‌తో అన్నాను. వచ్చినవాళ్ళు లేకపోలేదు. తాగిన ఒకాయన తన భార్యని టీవీలో తిట్టిపెట్టమని వచ్చాడు. సీరియల్లో వేషం కావాలని ఒకడొచ్చాడు. మిగతా శనివారాలన్నీ నేనూ, సోరెనూ, టీవీలో ఇంకో నేనూ. అయినా మానలేదు. పైన లైటు వేసి, కింద గేటు తీసి కూర్చునేవాణ్ణి. షో రాత్రిదని ఊరు నమ్మింది కనుక రాత్రి ఒక మనిషైనా అక్కడ ఉండాలి అని ఘోష్‌దాతో అన్నాను. "నీకు ఇంటికెళ్ళడం ఇష్టం లేదని చెప్పు" అన్నాడు ఆయన. చెప్పాను కదా, ఆయన మాటలకి జవాబులుండవు.

సింహాచలం గారు టెక్కలి నుంచి ఎప్పుడైనా ఫోన్ చేసేవాడు. "ఇంకా గేటు కాడే కూకుంతన్నారా?" అని అడిగేవాడు. అవుననేవాణ్ణి. "మీకు పిచ్చి బాబూ" అని పెట్టేసేవాడు.

యాంకర్ కావాలనుకునే వాళ్ళకి నా సలహా అడిగితే ఇదే. మీ మాట ఎవరింట్లో ఏ వేళకి చేరుతుందో ఆ వేళకి మీరూ మెలకువగా ఉండండి. ఎవరూ రాకపోవచ్చు. మెలకువగానే ఉండండి. ఇంతకు మించి నాకు తెలిసిన విద్య లేదు.

ఆఖరిది

జనం ఫోన్లలో చూడటం మొదలెట్టాక మా ఛానల్ మూతపడింది. ఆఖరి ఎపిసోడ్ శనివారమే పడింది. ఘోష్‌దా అప్పటికే కోల్‌కతా వెళ్ళిపోయాడు. కొత్త ప్రొడ్యూసర్, "సర్, ఇవాళ అతిథి వద్దు. మీరే మాట్లాడండి. చివర్లో మీ మనసులో ఉన్నవాళ్ళని ఎవర్నయినా పేరు పెట్టి పలకరించండి, బాగుంటుంది" అన్నాడు.

కెమెరా ముందు కూర్చుని అందరికీ కృతజ్ఞతలు చెప్పాను. పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఎంత వెతికినా ఒక్క పేరు తట్టలేదు. గ్లాసెత్తి నీళ్ళు తాగి, "శుభరాత్రి" అన్నాను. కిటికీ అవతల ఇంకా ఎండ ఉంది.

రాత్రి మామూలుగానే గేటు దగ్గరికి వెళ్ళాను. సోరెన్ టీవీ పెట్టాడు. తెర మీద నేను దువ్వుకుని కూర్చుని ఉన్నాను. ఇంక ఈ గేటు దగ్గరికి కూడా రావడానికి వంక ఉండదు.

ఆటో ఒకటి ఆగింది. ఒకామె చేతిలో క్యారియర్‌తో దిగింది. నడి వయసు దాటింది, చెరగు నడుముకి బిగించి ఉంది. ఎన్నడూ చూడలేదు కానీ ఆ దవడ, ఆ నడక చూడగానే ఎవరో తెలిసిపోయింది.

"మీరేనా బాబూ? నాను గౌరిని. సింహాచలం సెల్లిని" అంది.

"మీరెందుకమ్మా ఇంత రాత్రివేళ?"

"మా యన్న ఫోన్ సేసినాడు. ఈయేల ఆకర్దటగదా? 'ఆ బాబు ఊరందర్నీ పలకరిత్తాడు గానీ, పిలుసుకునే మనుసులెవులూ నేరు గౌరీ. ఈయేల కూడా గేటు కాడ ఒక్కడే కూకుంటాడు. నువ్వెల్లు' అన్నాడు. నాను ఈయేల్టి నైట్ డ్యూటీ సోమారానికి మార్పించుకున్నాను."

ఆమె నా జవాబు కోసం చూడనేలేదు. గట్టు మీద చెరగుతో దుమ్ము దులిపి క్యారియర్ విప్పింది. అన్నం, చేపల పులుసు, ఒక గిన్నెలో నూరిన పచ్చడి.

"ఆ రాయి మీదే నూరినాను. మిక్సీది కాదు" అంది. సోరెన్‌కీ ఆకు వేసి నా వైపు తిరిగింది. "సెయ్యి కడుక్కో అన్నా. అన్నం తిన్నావేటి?"

"లేదమ్మా" అన్నాను.

వెనకాల టీవీలో నేను ఎవరి పేరో వెతుక్కుంటూ ఆగిపోయిన చోటు వచ్చింది కాబోలు, కాసేపు మాట వినపడలేదు. నేనటు తిరగలేదు. గౌరి వడ్డిస్తుంటే తింటున్నాను.